సర్వే నెంబరు 214/2

రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు
దస్తగిరమ్మ మూడెకరాల చేను
కాలు కదపకుండానే ఊరు దాటింది.

గట్టు గట్టుకాడే ఉంది. రేగుచెట్టూ అంతే.
పొద్దున ఎర్రగుంట్ల ఆఫీసులో
నా కంప్యూటరు తెర మీద మాత్రం
ఆమె పేరుండాల్సిన గడిలో
ఎవరో ప్రొద్దుటూరాయన కూర్చోనున్నాడు.

మార్చింది ఎవరని చూస్తే
లాగిన్ పేరు మాబున్ని.
అంటే నేను.
ఆ రాత్రి మావాడి నుదుటి మీద
తడిగుడ్డ మారుస్తా ఉన్నా.
ఆ సంగతి ఏ లాగులో రాసుంటుంది?

పాసువర్డు కీబోర్డు కింద చీటీలో ఉండేది.
నేను రాకపోతే పని ఆగకూడదని
సారే అతికించమన్నాడు.
టీ తెచ్చే పిల్లోడికి తెలుసు,
జిరాక్సు అంగడాయనకు తెలుసు,
ట్యూబులైటు వెనక బల్లికీ తెలిసే ఉంటుంది.
విచారణలో మాత్రం
అది నా ఒక్కదానికే తెలిసిన రహస్యం.

మూణ్ణెల్లు తిరిగినా కడపకు.
బస్సులో కిటికీ పక్కన
వేళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని,
పదీ నావేనా అని.

తర్వాత పెంచలయ్య అనే పిల్లోడు వచ్చినాడు,
భుజాన లాప్‌టాప్ సంచి, రికార్డు గది దుమ్ముకు తుమ్ములు.
ఇకమీదట బ్లాక్‌చెయిన్ అన్నాడు.
ప్రతి పేజీ తన ముందు పేజీ వేలిముద్రను
కడుపులో పెట్టుకోని పుడుతుందంట.
నడుమ ఒక్క అక్షరం గీకితే చాలు
ఆ పేజీ ముద్ర మారిపోయి
తర్వాతి పేజీ దాన్ని నువ్వెవరంటుందంట.
ఒకే పుస్తకం పదకొండు మిషన్లలో ఉంటుందంట,
ఒకటి అబద్ధమాడితే
మిగిలిన పదీ లేచి కాదంటాయంట.

నేను తలూపినా, అర్థమై కాదు.
బల్ల అవతల, అర్జీ చేత పట్టుకోని
దస్తగిరమ్మ నవ్వింది.

"ఇదేనా నాయనా!
గనిలో బండలు మోసేటప్పుడు
ఎన్ని ఎత్తినామో మేస్త్రీ గోడ మీద బొగ్గుతో గీసేటోడు.
శనివారం కూలి కాడికొచ్చేసరికి
నాలుగు గీతలు వానకు పోయినాయనేటోడు.
వాన యాడిది సామీ మన సీమలో?
అప్పట్నుంచి నా గీత నా గోడ మీద,
ఓబులక్క గోడ మీద, సుంకులమ్మ గోడ మీద,
మాలన్‌బీ పెనం వెనక.
అందరివీ అందరి కాడా గీసుకున్నాం.
కొత్త గీత గీసే ముందు
నిన్నటికి ఎన్నో గట్టిగా ఒప్పజెప్పుకునేటోళ్ళం.
మేస్త్రీ ఎన్ని గోడలు కడుగుతాడు?"

పెంచలయ్యకు తుమ్ము మధ్యలోనే ఆగిపోయింది.
నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

"అది సరేగాని" అనిందామె,
"మొదటి గీత గీసేటోడే దొంగైతే?"

ఫ్యాను చప్పుడు ఉన్నట్టుండి పెద్దదైంది.
"అమ్మా, రాసింది చెరగనియ్యదు. అంతే.
రాసింది నిజమో కాదో దానికి తెలీదు."
సగం ఆమెకు, సగం తన బూట్లకు
చెప్పినాడు ఆ మాట.

ఇంటికి పోతా అదే తిరిగింది తలలో.
అబద్ధాన్ని కూడా
పదకొండు చోట్ల, చెదలు పట్టకుండా
కాపాడే పెట్టె.

చీటీ చించేసినా.
కొత్త తాళం చెవి వేలెడంత,
మెడలో తాయెత్తు పక్కన వేలాడుతుంది.
సారు ఒకసారి అడిగినాడు.
స్నానానికి కూడా తీయను సార్ అన్నా.

మొదటి పేజీ ఎక్కించే రోజు
దస్తగిరమ్మను పిలిపించుకున్నా.
పాత అడంగల్లో పురుగు తిన్న చోట
ఆమె నోరే కాగితం.
తూర్పున వంక,
పడమర బండి బాట,
ఉత్తరాన రేగుచెట్టు గట్టు,
దక్షిణాన ఓబులక్క చేను.

ఓబులక్కనూ పిలిచినా.
అవునంది.
ఆ వెంటనే, గట్టు రెండడుగులు
తన చేలోకి జరిగిందని కొట్లాటకు దిగింది.
గోడల మీద గీతలు పంచుకున్న ఇద్దరూ
నా బల్లకు అటొకరు ఇటొకరు.

వెనక వరసలో జనం అరుస్తున్నారు.
అన్నం డబ్బా మూత తెరవలేదు.
ఆ రెండడుగులూ తేలేదాకా
వేలు ఎంటరు మీద పెట్టుకోని
నొక్కకుండా
కూర్చున్నా.